హల్లెలూయ

తెలుగు చర్చిలో పాస్టరుగారు ఈ మాట అనగానే సభంతా అదే మాటతో బదులిస్తుంది. హీబ్రూలో ఇది ఒక చిన్న వాక్యం. ‘హల్లెలూ’ అంటే స్తుతించండి, ‘యాహ్’ దేవుని పేరుకు పొట్టి రూపం. క్రియ బహువచనం. పక్కవాళ్లను పిలుచుకోకుండా ఈ మాట అనలేం. నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఇదే.

బైబిల్లో 113 నుంచి 118 దాకా ఉన్న కీర్తనలను యూదులు ఇదే స్తుతి మాటతో ‘హల్లేల్’ అంటారు. ఐగుప్తు నుంచి విడుదలను తలుచుకునే పస్కా పండుగ రాత్రి మొదటి రెండూ భోజనానికి ముందు, మిగతావి తర్వాత పాడతారు. పండుగ చివరి 6 రోజుల్లో మాత్రం 115, 116 కీర్తనల్లో మొదటి 11 వచనాల చొప్పున వదిలేస్తారు. ఇశ్రాయేలీయులను తరుముతూ సముద్రంలో మునిగిన ఐగుప్తీయులూ దేవుడి సృష్టే కదా, వాళ్ల చావు తలుచుకుంటూ నిండుగా సంబరపడకూడదన్నది పెద్దలు చెప్పే కారణం. శత్రువు కోసం పాట తగ్గించుకోవడం ఎంత పెద్ద మనసు!

గ్రీకులో ‘హ’కు అక్షరం లేక హల్లెలూయ ‘అల్లెలూయ’ అయింది. రోమన్ కాథలిక్కులు ఈస్టర్‌కు ముందు ఉపవాస దినాలైన తపస్కాలమంతా ఈ మాట పలకరు, ఈస్టర్ జాగరణ రాత్రి మళ్లీ గొంతెత్తుతారు. తూర్పు ఆర్థడాక్స్ వాళ్లు ఆ ఉపవాస దినాల్లోనే దీన్ని ఎక్కువగా పాడుకుంటారు.