గుండె, ఊపిరితిత్తుల ఉమ్మడి పని

శ్వాస వ్యవస్థ, రక్తప్రసరణ వ్యవస్థ పేరుకు రెండు. పనిలో మాత్రం ఒకే వలయం. ఊపిరితిత్తులు గాలిలోంచి తీసుకున్న ఆక్సిజన్‌ను గుండె రక్తం ద్వారా కణాలకు పంపుతుంది. కణాల్లో తయారైన కార్బన్ డయాక్సైడ్ అదే రక్తంలో ఊపిరితిత్తులకు తిరిగొచ్చి బయటికి పోతుంది. వైద్య పాఠ్యపుస్తకాల్లో ఇవి వేర్వేరు అధ్యాయాలే గాని, ఆయాసపడుతూ వచ్చిన రోగి దగ్గర ఆ విభజన నిలవదు. వరంగల్‌లో 1959లో ఏర్పడిన కాకతీయ వైద్య కళాశాలలోనైనా, దాని బోధనాసుపత్రి ఎంజీఎంలోనైనా, ఆయాసం కేసు వస్తే ముందు తేల్చాల్సింది లోపం ఊపిరితిత్తులదా, గుండెదా, రెండింటిదా అన్నదే.

రక్తం నడిచే దారి

శరీరమంతా తిరిగి ఆక్సిజన్ తగ్గిన రక్తం గుండె కుడి కర్ణికకు, అక్కడి నుంచి కుడి జఠరికకు చేరుతుంది. కుడి జఠరిక దాన్ని పుపుస ధమని గుండా ఊపిరితిత్తుల్లోకి తోస్తుంది. ఆక్సిజన్ నింపుకున్న రక్తం పుపుస సిరల్లో ఎడమ కర్ణికకు వచ్చి, ఎడమ జఠరిక నుంచి బృహద్ధమనిలోకి వెళ్తుంది. ఊపిరితిత్తుల వైపు ప్రయాణం చిన్నది, అడ్డంకి తక్కువ. అందుకే పుపుస ధమనిలో సగటు పీడనం పాదరసం లెక్కలో 15 మిల్లీమీటర్లే. బృహద్ధమనిలో అది 90 దాటుతుంది. కుడి జఠరిక గోడ ఎడమదాని కంటే పలచగా ఉండటానికి కారణం కూడా ఇదే. ఈ పలుచదనం తర్వాత ఎంత ముప్పు తెస్తుందో కింద చూద్దాం.

రక్తం గుండె మధ్యగోడలోని కంటికి కనబడని రంధ్రాల గుండా కుడి నుంచి ఎడమకు పోతుందని గ్రీకు వైద్యుడు గాలెన్ చెప్పిన మాటను వెయ్యేళ్లకు పైగా నమ్మారు. ఓరుగల్లును గణపతిదేవుడు ఏలుతున్న రోజుల్లో, 1242 ప్రాంతంలో, కైరోలోని ఇబ్న్ అల్ నఫీస్ ఆ గోడకు రంధ్రాల్లేవనీ, రక్తం ఊపిరితిత్తుల మీదుగానే పోవాలనీ రాశాడు. రక్తప్రసరణ మీద విలియం హార్వీ గ్రంథం 1628లో వచ్చింది. రెండు వైపుల నాళాలను కలిపే కేశనాళికలను మాల్పిజీ సూక్ష్మదర్శినిలో చూసింది 1661లో.

మార్పిడి

విశ్రాంతిలో ఉన్న వయోజనుడు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తాడు. ఒక్కో ఊపిరికి లోపలికెళ్లేది సుమారు 500 మిల్లీలీటర్ల గాలి. అందులో 150 దాకా శ్వాస గొట్టాల్లోనే ఉండిపోతుంది. మిగిలింది దాదాపు 30 కోట్ల వాయుకోశాలకు అందుతుంది. వాటి పలుచని గోడల అవతలే కేశనాళికలున్నాయి. ఎర్ర రక్తకణం అక్కడ గడిపేది ముప్పావు సెకను. ఆక్సిజన్ నింపుకోవడానికి పావు సెకను చాలు. పరుగెత్తేటప్పుడు రక్తవేగం పెరిగినా ఆరోగ్యవంతుడి రక్తం ఖాళీగా వెనుదిరగకపోవడానికి ఈ మిగులు సమయమే ఆధారం.

ఆక్సిజన్‌లో నూటికి 98 వంతులు హిమోగ్లోబిన్ మీదే ప్రయాణిస్తుంది. అందువల్ల రక్తహీనత ఉన్నవారి వేలికి పెట్టిన పల్స్ ఆక్సిమీటర్ 98 చూపించినా, రక్తం మోసుకెళ్లే ఆక్సిజన్ సగమే ఉండవచ్చు. ఆ కొరత తీర్చడానికి గుండె వేగం పెంచుకుంటుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం తెలంగాణ మహిళల్లో సగానికి పైగా రక్తహీనులు కాబట్టి ఇది చిన్న విషయమేం కాదు.

పరస్పర నియంత్రణ

మెదడు అడుగున ఉండే మజ్జాముఖం ఊపిరినీ, గుండె లయనూ దగ్గర దగ్గరగా నడుపుతుంది. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే శ్వాస లోతవుతుంది. మెడ ధమనుల దగ్గరి గ్రాహకాలు ఆక్సిజన్ తగ్గుదలను పసిగడతాయి. ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పీడనం తగ్గి సిరల రక్తం గుండెకు ఎక్కువగా వస్తుంది. నాడి పట్టుకుని నెమ్మదిగా దీర్ఘశ్వాస తీస్తే పీల్చేటప్పుడు నాడి కాస్త వేగంగా, వదిలేటప్పుడు నిదానంగా ఆడటం తెలుస్తుంది. ముఖ్యంగా యువతలో ఇది సహజమే, జబ్బు కాదు.

ఈ బంధాన్ని తక్కువగా అంచనా వేసిన ఉదాహరణ మన గడ్డ మీదే ఉంది. క్లోరోఫాం ఇచ్చిన రోగుల్లో కొందరు ఎందుకు చనిపోతున్నారో తేల్చడానికి 1888, 1889లలో నిజాం ఆర్థిక సాయంతో హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. వైద్యుడు ఎడ్వర్డ్ లారీ ముందుండి నడిపిన ఆ ప్రయోగాలు ముందు ఆగేది ఊపిరేననీ, గుండె తర్వాతేననీ తేల్చాయి. శ్వాసను గమనిస్తే చాలు, నాడి చూడక్కర్లేదన్నది లారీ బోధ. 1911లో గుడ్‌మన్ లెవీ, తేలికపాటి మత్తులోనే క్లోరోఫాం గుండె లయను చెదరగొట్టి హఠాత్తుగా ఆపగలదని జంతువులపై చూపించాడు. శ్వాసను కనిపెట్టి ఉండమన్నది మంచి సలహానే. నాడిని వదిలేయమనడమే తప్పు. నేటి ఆపరేషన్ థియేటర్‌లో రెండింటినీ ఒకే తెర మీద చూస్తారు.

ఊపిరితిత్తి జబ్బు గుండెకు పాకడం

శరీరంలో మిగతాచోట్ల ఆక్సిజన్ తగ్గితే రక్తనాళాలు వెడల్పవుతాయి. ఊపిరితిత్తుల్లో తిరగబడి, ఇరుకవుతాయి. గాలి అందని భాగానికి రక్తం వృథాగా పోకుండా చేసే ఏర్పాటిది. జబ్బు రెండు ఊపిరితిత్తులకూ వ్యాపించినప్పుడు ఈ మేలే కీడవుతుంది: నాళాలన్నీ బిగుసుకుని పుపుస ధమనిలో పీడనం పెరుగుతుంది, పలుచని కుడి జఠరిక ఏళ్ల తరబడి ఆ భారాన్ని మోసి నీరసిస్తుంది. పాదాల వాపు, మెడ సిరల ఉబ్బు దాని గుర్తులు.

బీడీ పొగ, కట్టెల పొయ్యి పొగ ఇందుకు దారితీసే ప్రధాన కారణాలు. వరంగల్ మాత్రం పత్తి ఊరు కూడా. 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు మూతపడినా, ఎనుమాముల మార్కెట్‌కు ఏటా పత్తి వస్తూనే ఉంది, జిన్నింగ్ మిల్లులూ నడుస్తున్నాయి. పత్తి ధూళిని ఏళ్లపాటు పీల్చేవారికి వచ్చే బిసినోసిస్‌లో సెలవు తర్వాత పనిలోకి వచ్చిన తొలిరోజే ఛాతీ పట్టేయడం తొలి లక్షణం. 1948 ఫ్యాక్టరీల చట్టం దీన్ని అధికారులకు తప్పక తెలపాల్సిన వ్యాధుల్లో చేర్చింది. మిల్లులో పనిచేసి దమ్ముతో బాధపడేవారి పాదాల్లో వాపు కనిపిస్తే, ఛాతీ పరీక్షతో ఆగకుండా గుండె పరీక్ష కూడా చేయించాలి.