వెనిస్: నీరే కోట, నీరే ముప్పు

ఇటలీ ఈశాన్య తీరంలో, ఏడ్రియాటిక్ సముద్రాన్ని ఆనుకుని ఉన్న లోతు తక్కువ ఉప్పునీటి సరస్సులో సుమారు 118 చిన్న దీవులపై విస్తరించిన నగరం వెనిస్. దీవులను 400కు పైగా వంతెనలు కలుపుతాయి. పాత నగరంలో కార్లు, బస్సులు తిరగవు. అంబులెన్సు, అగ్నిమాపక దళం, చెత్త సేకరణ అన్నీ పడవల మీదే. 1987లో యునెస్కో ఈ నగరాన్ని, సరస్సును ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

చరిత్ర

నగరం క్రీ.శ. 421 మార్చి 25న పుట్టిందన్నది ఐతిహ్యం. ఐదు, ఆరు శతాబ్దాలలో హూణులు, లొంబార్డుల దాడులకు భయపడి వచ్చినవారికి ఈ దీవులు ఆశ్రయమిచ్చాయి. బురద నేలలో వేల కొయ్య గుంజలను దగ్గర దగ్గరగా దిగగొట్టి, వాటిపై రాతి పునాదులు వేసి భవనాలు కట్టారు. బురదలో గాలి చొరబడదు కాబట్టి ఆ కొయ్య శతాబ్దాలుగా నిలిచింది.

'డోజ్' అనే ఎన్నికైన పాలకుడి నాయకత్వంలో వెనిస్ స్వతంత్ర వాణిజ్య గణరాజ్యంగా ఎదిగింది. తూర్పు దేశాల మిరియాలు, పట్టు ఐరోపాకు చేరేది ఎక్కువగా దీని ద్వారానే. కాకతీయుల రేవు మోటుపల్లి గురించి తన గ్రంథంలో చెప్పిన మార్కో పోలో వెనిస్ వర్తకుడే. 15వ శతాబ్దంలో విజయనగరాన్ని చూసిన నికొలో కాంటి కూడా వెనిస్ వాడే. 1498లో వాస్కో డ గామా కాలికట్ చేరాక ఈ ఆధిపత్యం క్రమంగా సడలింది. 1797లో నెపోలియన్ ముందు గణరాజ్యం కూలింది. ఆ తర్వాత ఎక్కువ కాలం ఆస్ట్రియా ఏలుబడిలో ఉండి, 1866లో వెనిస్ ఇటలీలో కలిసింది.

చూడదగ్గవి

సెయింట్ మార్క్ చర్చి ప్రస్తుత నిర్మాణం 11వ శతాబ్దం నాటిది. దాని పక్కనే డోజ్ ప్రాసాదం. చౌకులోని గంట గోపురం 1902లో కూలిపోగా, పాత రూపంలోనే తిరిగి కట్టి 1912లో ప్రారంభించారు. గ్రాండ్ కెనాల్‌పై రియాల్టో రాతి వంతెన 1591లో పూర్తయింది.

పండుగలు

ముసుగుల కార్నివాల్ గణరాజ్యం కూలాక ఆగిపోయింది, 1979లో మళ్లీ మొదలైంది. నగరవాసుల మనసుకు దగ్గరైన రెండు పండుగలు మాత్రం ప్లేగు నుంచి బతికి బయటపడ్డందుకు చెల్లించే మొక్కులు. 1575–77 ప్లేగు గుర్తుగా జులైలో రెడెంటోరే, 1630–31 ప్లేగు గుర్తుగా నవంబరు 21న సల్యూటే జరుగుతాయి. ఆ రోజుల్లో పడవలు, తెప్పలపై వేసిన తాత్కాలిక వంతెన మీదుగా జనం చర్చికి నడిచి వెళతారు.

నేటి సవాళ్లు

నేల కుంగుతోంది, సముద్రమట్టం పెరుగుతోంది. 1966 నవంబరులో పోటు నీరు 194 సెంటీమీటర్లకు, 2019 నవంబరులో 187 సెంటీమీటర్లకు చేరింది. సరస్సు ముఖద్వారాల వద్ద 78 కదిలే గేట్లతో నిర్మించిన 'మోసె' అడ్డుకట్ట 2020 అక్టోబరు 3న తొలిసారి పోటును ఆపింది. అయితే గేట్లను తరచూ మూస్తే సరస్సుకు సముద్రంతో నీటి మార్పిడి తగ్గుతుంది, ఓడల రాకపోకలు ఆగుతాయి.

రెండో ముప్పు వలస. పాత నగరంలో 1950ల తొలినాళ్లలో సుమారు 1,75,000 మంది నివసించేవారు, 2022 నాటికి వారి సంఖ్య 50,000 కంటే తగ్గింది. ఇళ్లు పర్యాటకుల బసలుగా మారి అద్దెలు పెరగడం ఇందుకు ఒక ముఖ్య కారణం. 2021లో పెద్ద క్రూయిజ్ నౌకలను నగర మధ్యభాగంలోకి రాకుండా నిషేధించారు. 2024 ఏప్రిల్‌లో, రద్దీ రోజుల్లో వచ్చి అదే రోజు వెళ్లిపోయే సందర్శకులకు 5 యూరోల రుసుము పెట్టారు. నీటిని గేట్లు ఆపగలవు. వెళ్లిపోతున్న కుటుంబాలను ఆపాలంటే మాత్రం స్థానికులకు అందుబాటులో ఇల్లు, పర్యాటకం కాని ఉపాధి ఉండాలి.