సానియా మీర్జా: జోడీలు మారినా ఆగని ఆట

డబుల్స్ టెన్నిస్‌లో సగం ఆట జోడీదే. హైదరాబాద్‌లో పెరిగిన సానియా మీర్జా (జననం: 1986 నవంబర్ 15, ముంబై) గెలిచిన ఆరు గ్రాండ్‌స్లామ్ టైటిళ్లూ డబుల్స్‌లోనివే.

తొలి అడుగులు: 2003లో అలీసా క్లేబనోవాతో వింబుల్డన్ జూనియర్ డబుల్స్ గెలిచారు. 2004లో సొంతూరు హైదరాబాద్‌లోనే లీజెల్ హ్యూబర్‌తో తొలి డబ్ల్యూటీఏ టైటిల్ అందుకున్నారు.

మిక్స్‌డ్ డబుల్స్: మహేష్ భూపతితో 2009 ఆస్ట్రేలియన్ ఓపెన్, 2012 ఫ్రెంచ్ ఓపెన్, బ్రూనో సోరెస్‌తో 2014 యూఎస్ ఓపెన్.

హింగిస్‌తో: గాయాల దెబ్బకి 2013లో సింగిల్స్ వదిలేశారు. 2015 మార్చిలో మార్టినా హింగిస్‌తో జత కట్టారు. వెనక నుంచి సానియా ఫోర్‌హ్యాండ్, నెట్ దగ్గర హింగిస్. ఆడిన మొదటి మూడు టోర్నీలూ గెలిచారు. ఏప్రిల్ 13న సానియా ప్రపంచ నంబర్ వన్. 2015 వింబుల్డన్, యూఎస్ ఓపెన్, 2016 ఆస్ట్రేలియన్ ఓపెన్ ఈ జోడీవే. వరసగా 41 మ్యాచ్‌లు ఓడలేదు.

విడిపోయాక: 2016 ఆగస్టులో జోడీ విడిపోయింది. అదే నెల సిన్సినాటి ఫైనల్లో బార్బోరా స్ట్రిత్సోవాతో కలిసి ఆడిన సానియా, నెట్‌కి అవతల నిలబడ్డ హింగిస్ జోడీనే ఓడించారు.

తల్లయ్యాక: 2018లో కొడుకు పుట్టాడు. ఇక ఆట అయిపోయిందనుకున్నారు చాలామంది. 2020 జనవరిలో తిరిగొచ్చిన మొదటి టోర్నీ, హోబార్ట్‌లోనే, నదియా కిచెనోక్‌తో టైటిల్ కొట్టారు. 2023 ఫిబ్రవరిలో దుబాయ్‌లో, మాడిసన్ కీస్ పక్కన ఆడి ఆటకి సెలవు చెప్పారు.