సీఎన్‌జీ కిట్ వేసిన కారు ఆగినచోట వణుకుతోందా? పార్టులు మార్చే ముందు ఇవి చూడండి

పొద్దున ఎనిమిదిన్నరకు పుప్పాలగూడ నుంచి నార్సింగి వైపో, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపో బయల్దేరితే కారు నడిచేది తక్కువ, నిలబడేది ఎక్కువ. పెట్రోల్ ఖర్చు తట్టుకోలేక క్యాబ్ నడుపుకునే కుటుంబాలు, రోజూ డ్యూటీకి వెళ్లొచ్చేవాళ్లు బయట సీఎన్‌జీ కిట్ వేయించుకుంటున్నారు. కొన్ని నెలలు బాగానే నడుస్తుంది. ఆ తర్వాత కొన్ని బండ్లలో తంటాలు మొదలవుతాయి. సిగ్నల్ దగ్గర ఇంజిన్ వణుకుతుంది, ఆర్‌పీఎం ముల్లు పైకీ కిందికీ ఊగుతుంది, యాక్సిలరేటర్ తొక్కితే బండి ఒక్క క్షణం ఆగి కదులుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీదకు చేరేటప్పుడు వెనక నుంచి వేగంగా బండ్లు వస్తుంటే ఆ ఒక్క క్షణమే ప్రమాదం.

"గ్యాస్ బండి అంతే భాయ్" అని పంపించేసే మిస్త్రీలు ఉన్నారు. ప్లగ్గులు, కాయిల్, సెన్సార్ అంటూ వరసగా మార్చుకుంటూ పోయేవాళ్లూ ఉన్నారు. రెండూ సరికాదు. బాగా ట్యూన్ చేసిన కిట్ మీద ఇంజిన్ నిలకడగానే తిరగాలి. తప్పు ఏ వైపు ఉందో తేలాకే స్పానర్ పట్టాలి. లేకపోతే ప్రతి అంచనాకూ బిల్లు కట్టేది మనమే.

ఇంజిన్‌కు కావాల్సిన లెక్క

ఒక కిలో పెట్రోల్ పూర్తిగా మండటానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. సీఎన్‌జీకి సుమారు 17 కిలోలు. ఈ లెక్కను కారు కంప్యూటర్, అంటే ఈసీయూ, సెన్సార్ల సాయంతో సరిచేస్తూ ఉంటుంది. వేడెక్కిన ఇంజిన్ ఐడిల్‌లో చాలా కార్లలో 700 నుంచి 850 ఆర్‌పీఎం దగ్గర నిలుస్తుంది. అప్పుడు లోపలికి వెళ్లే గాలి చాలా తక్కువ. అందుకే చిన్న తేడా కూడా ముందు ఐడిల్‌లోనే బయటపడుతుంది.

మొదటి పరీక్ష: డ్యాష్‌బోర్డు మీది స్విచ్

దీనికి పైసా ఖర్చు లేదు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక స్విచ్ నొక్కి పెట్రోల్ మీదకు మార్చండి. పది, పదిహేను కిలోమీటర్లు నడిపి చూడండి. మళ్లీ గ్యాస్ మీద అంతే దూరం నడపండి.

గ్యాస్ మీద మాత్రమే ఇబ్బంది ఉంటే: గ్యాస్ ఫిల్టర్, రెడ్యూసర్, గ్యాస్ ఇంజెక్టర్లు, ట్యూనింగ్ చూడాలి. ప్లగ్గులు, కాయిల్స్ కూడా మరచిపోవద్దు. సీఎన్‌జీని మండించడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి, కాబట్టి నీరసించిన ప్లగ్గు ముందు గ్యాస్ మీదే దొరికిపోతుంది.

పెట్రోల్ మీద మాత్రమే ఉంటే: నెలల తరబడి వాడక పెట్రోల్ ఇంజెక్టర్లు మూసుకుపోయి ఉండొచ్చు. ట్యాంకులో ఎప్పుడూ అడుగున రెండు లీటర్లే ఉంచితే ఫ్యూయల్ పంపు కూడా దెబ్బతింటుంది. ఆ పంపును చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే. కనీసం పావు ట్యాంకు ఉంచి, రోజూ కాసేపు పెట్రోల్ మీద నడపడం మంచిది.

రెండింటి మీదా ఉంటే: గాలి లీక్, మురికి పట్టిన థ్రాటిల్ బాడీ, ప్లగ్గులు, కాయిల్, సెన్సార్లు, వాల్వులు. ఇవి రెండు ఇంధనాలకూ ఉమ్మడి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. గ్యాస్ ట్యూనింగ్ తప్పుగా ఉంటే ఈసీయూ ఆ తప్పుకు అలవాటు పడుతుంది. పెట్రోల్ మీదకు మారాక కూడా ఆ పాత అలవాటుతోనే కాసేపు తడబడుతుంది. అందుకే రెండు నిమిషాల్లో తీర్పు చెప్పకూడదు.

రెండో పరీక్ష: స్కానర్

ఇప్పటి పెట్రోల్ కార్లలో స్టీరింగ్ కింద స్కానర్ పెట్టే సాకెట్ ఉంటుంది. పీ0300 అంటే మిస్‌ఫైర్, పీ0301 అంటే ఒకటో సిలిండర్‌లో మిస్‌ఫైర్, పీ0171 అంటే మిశ్రమంలో ఇంధనం తక్కువ. కోడ్ రోగం పేరు కాదు, లక్షణం మాత్రమే. పీ0171 రాగానే ఆక్సిజన్ సెన్సార్ మార్చేయడం డబ్బు పారేసుకోవడమే.

అసలు చూడాల్సింది ఫ్యూయల్ ట్రిమ్. పెట్రోల్ మీద ఉంచి ఐడిల్‌లో ఒకసారి, 2,500 ఆర్‌పీఎం దగ్గర ఒకసారి చదవాలి. ప్లస్ లేదా మైనస్ 10 శాతం లోపల ఉంటే సాధారణం. ఐడిల్‌లో ప్లస్ 20 ఉండి 2,500 దగ్గర మామూలైతే గాలి లీక్‌ను అనుమానించాలి. లీకయ్యే గాలి ఐడిల్‌లో పెద్ద వాటా, వేగం పెరిగితే చిన్న వాటా. తొక్కేకొద్దీ ప్లస్ పెరిగితే పెట్రోల్ సరిగా అందడం లేదు, లేదా గాలిని కొలిచే సెన్సార్ తప్పు చెబుతోంది. గాలి లోపలి ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సార్ ఉన్న కార్లలో లీక్ ఉంటే ట్రిమ్ పెద్దగా మారకుండా, ఐడిల్ మాత్రం పెరిగి ఊగొచ్చు.

మార్పు జరిగిన చోటే ముందు వెతకాలి

కిట్ బిగించేటప్పుడు ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కు రంధ్రాలు చేసి నాజిల్స్ పెడతారు. వ్యాక్యూమ్ పైపును కోసి టీ జాయింట్ వేస్తారు. వైర్లు కోసి కలుపుతారు. ఎండకు, ఇంజిన్ వేడికి రబ్బరు పైపు గట్టిపడి చిట్లుతుంది. చాలాసార్లు జబ్బు ఇక్కడే ఉంటుంది. స్మోక్ టెస్ట్ చేస్తే లీక్ ఎక్కడుందో కంటికి కనిపిస్తుంది. వేడి ఇంజిన్ మీద, అదీ గ్యాస్ బండిలో, మండే క్లీనర్ స్ప్రే కొట్టి లీక్ వెతకనివ్వొద్దు.

కుర్రాళ్లు ముచ్చటపడి వేయించే కోన్ ఎయిర్ ఫిల్టర్‌ది ఇంకో కథ. దానికి నూనె ఎక్కువ రాస్తే ఎయిర్ ఫ్లో సెన్సార్ తీగకు అంటుకుని గాలిని తప్పుగా కొలుస్తుంది. ఆక్సిజన్ సెన్సార్‌కు ముందు సైలెన్సర్ పైపు లీకైనా ఈసీయూ మోసపోతుంది.

ఇవన్నీ సరిగ్గా ఉండి, వేడెక్కాక వణుకు పెరుగుతుంటే వాల్వ్ క్లియరెన్స్, కంప్రెషన్ చూపించండి. గ్యాస్ మీద ఎక్కువ నడిచిన కొన్ని ఇంజిన్లలో వాల్వ్ సీట్లు అరుగుతాయి.

చెక్ ఇంజిన్ లైటు ఆగి ఆగి మెరుస్తుంటే బండిని అలాగే లాగొద్దు. మండని ఇంధనం వెళ్లి క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తుంది. ప్లగ్గుతో పోయేది పెద్ద ఖర్చు అవుతుంది.

గ్యాస్ వాసన వస్తే

ట్యూనింగ్ సంగతి తర్వాత. ఇంజిన్ ఆపి, పిల్లలను దింపి, తలుపులు తెరిచి, సిలిండర్ మీది వాల్వ్ చేత్తో మూసేయండి. సిలిండర్‌లో ఒత్తిడి 200 బార్ వరకు ఉంటుంది. లీక్‌ను సబ్బు నీళ్లతోనే చూడాలి, అగ్గిపుల్ల, లైటర్ దగ్గరకు రానివ్వొద్దు. ప్రతి మూడేళ్లకూ సిలిండర్‌కు హైడ్రో టెస్ట్ తప్పనిసరి.

కాగితాలు

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. ఆమోదం ఉన్న సీఎన్‌జీ కిట్‌కు అనుమతి ఉంది, కానీ ఆర్సీలో ఇంధనం మార్పు నమోదు కావాలి, ఇన్సూరెన్స్ కంపెనీకీ చెప్పాలి. లేకపోతే ప్రమాదం జరిగిన రోజు క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది.

మిస్త్రీ దగ్గరకు వెళ్లే ముందు రాసుకోండి

ఇబ్బంది గ్యాస్ మీదా, పెట్రోల్ మీదా, రెండింటి మీదా? చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఏసీ వేస్తే పెరుగుతోందా? దానికి ముందు ఏ పని చేయించారు? ఈ నాలుగు జవాబులు చెప్పి, ట్రిమ్ అంకెలు చూపించమని అడగండి. అంకెలు చూపకుండా పార్టు పేరు మాత్రమే చెబితే, డబ్బు తీసే ముందు ఇంకోచోట చూపించండి.