అన్నీ ఒక్క పంతులే

లెక్కలకొక మాష్టారు, తెలుగుకొక మాష్టారు, సైన్సుకొక టీచరమ్మ అన్న పంపకం హైస్కూలు గడప తొక్కాక మాట. చిన్న బడిలో అన్నీ ఒక్కరే. ఓనమాలు దిద్దించిన చేత్తోనే ఎక్కాలు చెప్పాలి, ఆ నోటితోనే నదుల పేర్లూ వల్లె వేయించాలి. ఇది జీతాలు మిగుల్చుకోడానికి సర్కారు పన్నిన ఎత్తు అనుకునేవాళ్ళున్నారు. కాదండీ, సర్కారు బళ్ళకంటే పాతది ఈ పద్ధతి.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, మీ జిల్లాలో బళ్ళెన్ని, పిల్లలెందరు అని కలెక్టర్లందరికీ తాఖీదులు పంపాడు. కొందరు అంకెలు పంపి ఊరుకున్నారు. బళ్ళారి కలెక్టరు కాంప్‌బెల్ (తెలుగు వ్యాకరణం రాసిన దొర ఈయనే లెండి) 1823లో పంపిన జవాబులో మాత్రం బడి కళ్ళకి కడుతుంది. జిల్లాలో బళ్ళు 533. తెలుగువి 226, కన్నడంవి 235, తక్కినవి ఇతర భాషలవి. పిల్లలు 6,641 మంది. అంటే బడికి పన్నెండుగురు చొప్పున!

పొద్దున ఆరు గంటలకే బడి. ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడి చేతిలో సున్నా, అంటే మెప్పూ లేదు తప్పూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా పెరుగుతూ పోతాయి. పన్నెండోవాడి గతి మీరే లెక్క కట్టుకోండి. ఇక బద్ధకస్తుడికి కోదండం, గుంజీలు. ఆ దెబ్బల్ని మాత్రం నేను మెచ్చుకోలేను.

మరి ఒక్క మనిషి అన్ని అంతస్తుల పిల్లలకీ ఎలా చెప్పేవాడు? పెద్ద పిల్లల చేత చిన్న పిల్లలకి చెప్పించేవాడు. చిన్నవాళ్ళు ఇసుకలో అక్షరాలు దిద్దుతుంటే ముదిరిన విద్యార్థి చూసుకునేవాడు, పంతులు పెద్దవాళ్ళని చూసేవాడు. ఈ కిటుకునే మద్రాసులో ఆండ్రూ బెల్ అనే పాదిరీ పట్టుకుని, ఇంగ్లండు తీసుకుపోయి పేరు తెచ్చుకున్నాడు. మన పంతులికి ఏ పేరూ రాలేదు.

చెప్పిన చదువైనా చూడండి. గుణింతాలు, ఎక్కాలు, నోటిలెక్కలు సరే. పంతులు ఎక్కడెక్కడి నుంచో పాత ఉత్తరాలు సంపాదించి తెచ్చి, రకరకాల చేతిరాతలు చదివించేవాడు. జాబు రాయడం, ఒప్పందపు పత్రం రాయడం నేర్పేవాడు. ఊళ్ళో బతకడానికి కావలసిందంతా అందులో ఉంది. పద్యాలు కూడా కంఠస్థం చేయించేవాడు. వాటి అర్థం పిల్లలకే కాదు, చాలామంది గురువులకీ తెలియదని కాంప్‌బెల్ ఫిర్యాదు. నిజమే కావచ్చు. కానీ నెలకి ఆరేడు రూపాయలకి మించి రాని మనిషిని వ్యాఖ్యానం కూడా అడగడం ఏం న్యాయం? ఆ ఆరేడు రూపాయల మాట 1826లో మన్రోయే రాశాడు. తాలూకా బడి పంతులికి నెలకి తొమ్మిది రూపాయలు ఇద్దామనీ అన్నాడు. మరుసటి ఏడే పత్తికొండలో కలరా వచ్చి పోయాడు.

కాంప్‌బెల్ ఇంకో మాట దాచకుండా రాశాడు. సీమ గుడ్డ వచ్చి మన నేతపని దెబ్బతిని, జనం బీదబడి, ఒకప్పుడు బడి ఉన్న ఊళ్ళలో ఇప్పుడు లేకుండా పోయిందని. పంతులికి అన్నీ వచ్చి ఏం లాభం, పిల్లవాణ్ణి పంపే తాహతు తండ్రికి లేనప్పుడు?

ఆ 6,641 మందిలో ఆడపిల్లలెందరో తెలుసా? అరవై మంది. ఇక పంతులమ్మ ఊసెక్కడ! 1987లో ‘ఆపరేషన్ బ్లాక్‌బోర్డు’ పేరుతో ఒంటిపంతులు బళ్ళకి రెండో టీచర్ని వేయాలనీ, వీలైనంతవరకు ఇద్దరిలో ఒకరు ఆడవాళ్ళై ఉండాలనీ అనుకోడానికి నూటఅరవై ఏళ్ళు పైగా పట్టింది.

2009 విద్యాహక్కు చట్టం కూడా అయిదు వరకు అరవై మంది పిల్లలకి ఇద్దరు టీచర్లంది, సబ్జెక్టు టీచర్లని ఆరు నుంచే పెట్టమంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 117 నంబరు జీవోతో మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని చాలాచోట్ల దగ్గరి హైస్కూళ్ళలో కలిపి, ఆ పసివాళ్ళకీ సబ్జెక్టు టీచర్ల చేత చెప్పించాలని చూశారు. ఆ జీవో 2025లో రద్దయింది. నడుమ ఊరూరా తల్లులు అడిగింది మాత్రం లెక్కల మాష్టారి సంగతి కాదు. ఎనిమిదేళ్ళ పిల్ల రోడ్డు దాటి అంతదూరం ఎవరితో వెళ్ళాలని!