డాక్టరు సీటూ, రగ్బీ బంతీ

మా గూడూరులో ఎవరి పిల్లాడికైనా మెడిసిన్ సీటొచ్చిందంటే జనం అడిగేది ఒకటే ప్రశ్న: "ర్యాంకెంత?" మొన్నటిదాకా ఎంసెట్ ర్యాంకు, ఇప్పుడు నీట్ ర్యాంకు. వాడు ఏం ఆడతాడు, ఎంత జోరుగా పరిగెత్తుతాడు, ఎదురొచ్చినోణ్ణి పట్టి కింద పడేయగలడా అని ఎవ్వరూ అడగరు. అడిగినోణ్ణి చూసి నవ్వుతారు. కానీ లండన్లో ఒక పేరున్న మెడికల్ కాలేజీలో పాతికేళ్ల పాటు దాదాపు ఇదే అడిగారు. సెయింట్ మేరీస్ ఆసుపత్రి కాలేజీలో ఇంటర్వ్యూకొచ్చిన కుర్రాడి మీదికి డీన్ గారు రగ్బీ బంతి విసిరేవారని ఒక కథ. పట్టుకుంటే సీటు, పట్టుకుని తిరిగి తంతే స్కాలర్‌షిప్పు! కథ కథే, దానికి దస్తావేజులు లేవు. కానీ అలాంటి కథ ఆ కాలేజీ గురించే ఎందుకు పుట్టిందో తెలియాలంటే డాక్టర్లకీ రగ్బీకీ ఉన్న పాత చుట్టరికం తెలియాలి.

రగ్బీ చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. కోడిగుడ్డు ఆకారంలో బంతి, పక్కకి పదిహేను మంది. బంతిని చేత్తో ముందుకి విసరకూడదు, వెనక్కే ఇవ్వాలి. బంతి ఉన్నోణ్ణి పట్టి పడేయొచ్చు. మన చెడుగుడుని పెద్ద మైదానంలో, బురదలో, బంతితో ఆడుతున్నట్టు ఊహించుకోండి. ఇంగ్లండులో రగ్బీ అనే ఊళ్లోని బడిలో పుట్టింది. 1823లో విలియం వెబ్ ఎల్లిస్ అనే కుర్రాడు ఫుట్‌బాల్ ఆడుతూ ఆడుతూ బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తాడనేది స్థలపురాణం. ఆ బడిలో పిల్లలు నియమాలు రాసి అచ్చేసింది మాత్రం 1845లో.

ఆ బడి పిల్లల్లో కొందరు పెద్దయి డాక్టరీ చదివేదానికి లండన్ వచ్చారు. గైస్ ఆసుపత్రి విద్యార్థుల క్లబ్బు తాను 1843లోనే పుట్టానంటుంది, అంటే నియమాలు అచ్చు కాకముందే. ప్రపంచంలో అన్నిటికన్నా పాత రగ్బీ క్లబ్బు నేనేనని దాని వాదన, గిన్నిస్ వాళ్లు కూడా ఒప్పుకున్నారు. ఇంతకీ ఆధారం ఏమిటయ్యా అంటే, 1883-84 నాటి మ్యాచుల కార్డు ఒకటి. దాని మీద "నలభయ్యో సీజను" అని ఉంది. అంతే! మన భాషలో చెప్పాలంటే మొదటి కమిట్ ఎవరూ చూడలేదు, వెర్షన్ నంబరు చూసి వెనక్కి లెక్కేశారు. డబ్లిన్లోని ట్రినిటీ కాలేజీ వాళ్లది 1854లో పెట్టిన క్లబ్బు. అప్పటినుంచీ తెగకుండా ఆడుతున్నాం కాబట్టి అసలు పెద్దన్న మేమేనంటారు వాళ్లు. ఆ పంచాయితీలోకి నేను పోను గానీ, రెండువైపులా మెడికోలు ఉండటం మాత్రం గమనించండి. 1871 జనవరి 26న లండన్లో ఒక రెస్టారెంటులో 21 క్లబ్బులు కలిసి రగ్బీ యూనియన్ పెట్టుకున్నప్పుడు అందులో గైస్ కూడా ఉంది. 1874-75 సీజనుకి లండన్ ఆసుపత్రుల కాలేజీలన్నీ కలిసి ఒక కప్పు పెట్టుకున్నాయి, యునైటెడ్ హాస్పిటల్స్ కప్. ప్రపంచంలో ఇంతకన్నా పాత రగ్బీ కప్పు లేదు. డబ్లిన్ ఆసుపత్రులు 1881లో తమ కప్పు మొదలెట్టాయి.

లా చదివేవాళ్లు, పాదిరీ చదువులు చదివేవాళ్లు ఇంతమంది ఉండగా డాక్టర్లకే ఎందుకు పట్టింది ఈ ఆట? నాకు తోచింది చెబుతాను. మిగతా డిగ్రీలు మూడేళ్లు, మెడిసిన్ ఐదారేళ్లు. తప్పుకుంటూ పోతే ఇంకా ఎక్కువ. జట్టు కుదురుకునేదానికి అంతకన్నా ఏం కావాలి? పైగా ఆ రోజుల్లో మెడికోలంటే ఊళ్లో మంచి పేరు లేదు. తాగుడు, గోల, శవాల కోతలు. డికెన్స్ 1836-37లో రాసిన పిక్‌విక్ పేపర్స్‌లో బాబ్ సాయర్ అనే మెడికో ఉంటాడు, వాణ్ణి చూస్తే సంగతి అర్థమవుతుంది. ఈ కుర్రాళ్ల వేడిని మైదానంలో చల్లారిస్తే కాలేజీ పరువు దక్కుతుందని పెద్దలనుకున్నారు. మూడో కారణం అన్నిటికన్నా ముఖ్యం. డాక్టరు డిగ్రీ రాగానే బతుకు కుదరదు. ఆసుపత్రిలో హౌస్‌మన్ ఉద్యోగం కావాలి, అది పెద్ద సర్జన్ల చేతిలో ఉండేది. ఆ పెద్ద సర్జను కూడా ఒకప్పుడు అదే జట్టులో ఆడినవాడే అయితే, శనివారం మ్యాచిలో వీడి ఆట చూసి సోమవారం వార్డులో పేరు పెట్టి పిలుస్తాడు. ఇప్పుడు మన ఆఫీసుల్లో స్మోకింగ్ జోన్లో మేనేజరు పరిచయమైనట్టు అన్నమాట.

మరి మన దేశం సంగతి? రగ్బీ ఇక్కడికి తొందరగానే వచ్చింది. 1872 క్రిస్మస్ రోజున కలకత్తాలో ఇంగ్లీషువాళ్లు ఇరవై మంది ఒకవైపు, స్కాట్లు, ఐరిష్, వెల్ష్ వాళ్లు కలిసి ఇంకోవైపు ఆడారు. మరుసటి ఏడాది కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్బు వెలిసింది. క్లబ్బులో మందు ఉచితంగా పోసినన్నాళ్లూ సభ్యులు బాగా ఉన్నారట, అది ఆపేయగానే పల్చబడ్డారట! ఎండలు, ఆడే పటాలాలు వెళ్లిపోవడం, పోలో మోజు, అన్నీ కలిసి 1878కల్లా మూతపడింది. బ్యాంకులో మిగిలిన వెండి రూపాయలు 270 తీసి, కరిగించి, నాగుపాముల పిడులు, మూత మీద ఏనుగు బొమ్మతో ఒక కప్పు చేయించి ఇంగ్లండుకి పంపేశారు. 1879 నుంచీ ఇంగ్లండు, స్కాట్లండు పోటీపడేది ఆ కలకత్తా కప్పు కోసమే.

ఆట క్లబ్బులో ఉండిపోయింది, కాలేజీకి రాలేదు. మా గూడూరు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో నెల్లూరు జిల్లా. రైలెక్కితే మద్రాసు దగ్గర. 1923లో విశాఖపట్నంలో ఆంధ్రా మెడికల్ కాలేజీ, 1960లో తిరుపతిలో ఎస్వీ మెడికల్ కాలేజీ వచ్చాయి గానీ, అంతకుముందు మావైపు వాళ్లకి డాక్టరు చదువంటే 1835లో మొదలైన మద్రాసు కాలేజీనే. అక్కడ పాఠాలు చెప్పిన ఐఎంఎస్ దొరల్లో చాలామంది లండన్, ఎడింబరో, డబ్లిన్ చదువులవాళ్లు. వాళ్ల అనాటమీ వచ్చింది, వార్డు రౌండ్లు వచ్చాయి, తెల్లకోటు వచ్చింది. రగ్బీ మాత్రం పటాలాల్లో, తోటల దొరల్లో, జింఖానా గోడల లోపల ఉండిపోయింది. ఆ గోడల లోపలికి మన విద్యార్థికి ప్రవేశం లేదు. మట్టినేల గట్టిగా ఉంటుంది కాబట్టి మనవాళ్లు ఆడలేదంటారు కొందరు. అదే మట్టినేల మీద చెడుగుడు ఆడలేదా ఏంది? ఫుట్‌బాల్, హాకీ గోడ దాటొచ్చాయి కాబట్టి మన మెడికోలు వాటిని పట్టుకున్నారు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ జట్టు కెప్టెన్ తాలిమెరెన్ ఆవ్, నాగా కుర్రాడు, కలకత్తా కార్మైకేల్ మెడికల్ కాలేజీ విద్యార్థి. జట్టులో చాలామంది ఉత్త కాళ్లతో ఆడి ఫ్రాన్సు చేతిలో 2-1తో ఓడారు. ఆయన తర్వాత వెళ్లి నాగాలాండులో డాక్టరుగా పనిచేశారు.

ఇక సెయింట్ మేరీస్ దగ్గరికొద్దాం. 1920 నుంచి 1945 దాకా అక్కడ డీన్ చార్లెస్ విల్సన్. తర్వాత లార్డ్ మోరన్ అయ్యాడు, చర్చిల్ సొంత డాక్టరు ఈయనే. మొదటి ప్రపంచయుద్ధంలో కందకాల్లో పనిచేసి వచ్చిన మనిషి. ధైర్యం అనేది ఎలా వస్తుంది, ఎలా ఖర్చయిపోతుంది అని ఒక పుస్తకమే రాశాడు. మంచి డాక్టరుకి మార్కులకన్నా గుండెనిబ్బరం ముఖ్యమని, అది మైదానంలో తెలిసిపోతుందని ఆయన నమ్మకం. ఆటగాళ్లని ఏరి తెచ్చాడు. నమ్మకంలో కొంత నిజం లేకపోలేదు. ఆ కాలేజీ విద్యార్థే రోజర్ బానిస్టర్, 1954లో నాలుగు నిమిషాల్లోపు మైలు పరిగెత్తిన తొలి మనిషి. జేపీఆర్ విలియమ్స్ అక్కడ చదువుకుంటూనే 1971లో న్యూజిలాండులో లయన్స్ తరఫున ఆడి సిరీస్ గెలిచాడు, తర్వాత ఎముకల సర్జను అయ్యాడు. ఇంకా పాత ముచ్చట ఒకటుంది. అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1906లో డాక్టరయ్యాక వేరే ఆసుపత్రికి పోవాల్సినవాడు. తుపాకి గురి బాగా కుదిరినవాడని, రైఫిల్ క్లబ్బులో ఉంచుకునేదానికి అక్కడే ల్యాబులో ఉద్యోగం ఇప్పించారు. 1928లో ఆ కాలేజీలోనే ఆయన పెన్సిలిన్ కనిపెట్టాడు. ఆటల కోటా ఇంతగా ఫలించిన సందర్భం ఇంకోటి ఉండదేమో!

ఇక్కడితో ఆపేస్తే కథ చాలా బాగుంటుంది. కానీ సీట్లు లెక్కే కదా. ఒకరికిచ్చామంటే ఇంకొకరికి ఇవ్వలేదని. యుద్ధంలో మగపిల్లలు తగ్గి ఫీజులు పడిపోతే 1916లో సెయింట్ మేరీస్ ఆడపిల్లల్ని చేర్చుకుంది. యుద్ధం అయిపోయాక 1924లో మగ విద్యార్థులు వాళ్లు వద్దని అర్జీ పెట్టారు. అప్పట్లో లండన్ కాలేజీల్లో వినబడిన వాదనల్లో ఒకటి: ఆడపిల్లలున్న కాలేజీకి మంచి రగ్బీ ఆటగాళ్లు రారు, కప్పు పోతుంది! వాళ్లు చదవలేరని కాదు, రోగుల్ని చూడలేరని కాదు. మేరీస్‌తో పాటు ఇంకొన్ని కాలేజీలు కూడా ఆ పదేళ్లలోనే తలుపులు మూసేశాయి. మళ్లీ తెరిపించేదానికి ఇంకో యుద్ధం కావాల్సొచ్చింది. ఆడపిల్లల్ని చేర్చుకుంటేనే ప్రభుత్వం డబ్బులివ్వాలని 1944లో గుడ్‌ఇనఫ్ కమిటీ చెప్పాక, 1940లు ముగిసేలోపు అన్నీ దారికొచ్చాయి. డబ్బు మాటకొచ్చేసరికి కప్పు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

అదే మోరన్ 1958లో డాక్టర్ల జీతాల మీద వేసిన రాయల్ కమిషన్ ముందుకొచ్చి, స్పెషలిస్టు నిచ్చెన ఎక్కుతూ జారిపడినవాళ్లే జనరల్ ప్రాక్టీషనర్లు అవుతారన్నట్టు మాట్లాడి గొడవ చేసుకున్నాడు. ఆ నిచ్చెన ఎవరు పట్టుకునున్నారో పైన చెప్పాను. ఆ తర్వాత ఇరవయ్యేళ్లలో గుంటూరు నుంచీ, వైజాగు నుంచీ, కర్నూలు నుంచీ, మా తిరుపతి నుంచీ మన డాక్టర్లు ఇంగ్లండు వెళ్లారు. గుండె సర్జరీ చేద్దామని వెళ్లినవాళ్లలో చాలామందికి దక్కింది వృద్ధుల వార్డు, మానసిక వైద్యం, గనుల ఊళ్లలో జనరల్ ప్రాక్టీసు. అంటే దొరలు వద్దనుకున్నవి. చేతిలో ఎఫ్ఆర్‌సీఎస్ ఉన్నా, ఆ శనివారం మ్యాచిల పరిచయాలు ఎక్కణ్ణుంచి తెస్తారు? వాళ్లు మాత్రం ఆ వార్డుల్నే నిలబెట్టారు.

ఇప్పుడు మన వృత్తికి సంబంధించిన ముక్క. యునైటెడ్ హాస్పిటల్స్ కప్పు మొదటి తరం జట్లలో ఒకటి సెయింట్ జార్జెస్ కాలేజీది. 1979కల్లా అక్కడి డాక్టరొకాయన దరఖాస్తులు వడపోసేదానికి ఒక ప్రోగ్రామ్ రాశాడు. ఉద్దేశం మంచిదే. ఏటా రెండు వేల పైచిలుకు ఫారాలు మనుషులు చదివితే ఒక్కో రోజు ఒక్కోలా తేలుతుంది, మిషను అయితే అందరికీ ఒకటే కొలత. పాత సెలెక్టర్లు ఏం నిర్ణయించారో చూసి, దానికి సరిపోయేదాకా సరిచేశాడు. నూటికి తొంభైకి పైగా కలిసింది. మన భాషలో టెస్టులన్నీ పాస్! 1982 నుంచి తొలి వడపోత మొత్తం దాని చేతికిచ్చేశారు.

ఫారంలో జాతి అని గడి లేదు. ప్రోగ్రామ్ పేరునీ, పుట్టిన ఊరునీ చూసి తేల్చుకునేది. యూరపు పేరు కాకపోతే పదిహేను పాయింట్ల దాకా కోత. ఆడపిల్ల అయితే సగటున మూడు. అప్పటికే ఇంగ్లండులో స్థిరపడిన మన డాక్టర్ల పిల్లలు కాలేజీ వయసుకొస్తున్నారు. పుట్టిన ఊరు గూడూరు, పేరు ముందు మన ఇంటిపేరు, పైగా అమ్మాయి అనుకోండి, మార్కులు చూడకముందే లెక్క తేలిపోయేది. 1986 డిసెంబరులో అక్కడే పనిచేసే ఇద్దరు డాక్టర్లు ఈ సంగతి జాతి సమానత్వ కమిషన్‌కి చెప్పారు. 1988లో నివేదిక వచ్చింది. ఏటా అరవై మంది దాకా ఇందువల్లే ఇంటర్వ్యూ పోగొట్టుకుని ఉండొచ్చని తేలింది.

ఆ డాక్టరు దురుద్దేశంతో రాశాడని నేననుకోను. సెలెక్టర్లు ఏళ్ల తరబడి "మనోడిలా ఉన్నాడు" అని మనసులో వేసుకున్న మార్కులకి ఆయన అంకెలు వేశాడు. అంకెలు పడ్డాయి కాబట్టే దొరికింది. సెయింట్ జార్జెస్‌లో విదేశీ మూలాల విద్యార్థులు లండన్లో చాలా కాలేజీలకన్నా ఎక్కువే ఉండేవాళ్లు. అంటే ప్రోగ్రామ్ లేని చోట ఇంతకన్నా అన్యాయంగా ఉండొచ్చు, కానీ డీన్ గారి బుర్రలోని కోడుని ఎవరు ఆడిట్ చేస్తారు? ఈ మధ్య రెజ్యూమేలు ఏఐకి ఇచ్చి వడపోయిస్తున్న కంపెనీల్లో పనిచేసేవాళ్లు, ట్రైనింగ్ డేటాలో ఎవరి నిర్ణయాలున్నాయో ఒకసారి అడిగి చూడండి.

1995లో రగ్బీలో జీతాలొచ్చాక వైద్యమూ ఆటా ఒక్క మనిషి చెయ్యడం గగనమైంది. వేల్స్ ఆటగాడు జేమీ రాబర్ట్స్ రెండూ చేశాడు గానీ, 2005లో చేరితే డిగ్రీ 2013లో వచ్చింది. లండన్ ఆసుపత్రుల కాలేజీలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఐదయ్యాయి. గైస్, కింగ్స్, సెయింట్ థామస్ ఒకే జట్టు ఇప్పుడు. సెయింట్ మేరీస్ ఇంపీరియల్‌లో కలిసింది, సెయింట్ జార్జెస్ 2024 ఆగస్టులో సిటీ యూనివర్సిటీతో కలిసింది. కప్పు ఇంకా ఆడుతున్నారు. బ్రిటన్ మెడికల్ కాలేజీల్లో ఇప్పుడు సగానికి పైగా అమ్మాయిలే. ఇక ఆ ప్రోగ్రామ్ వడపోతలో పోయినవాళ్లని సెయింట్ జార్జెస్ తర్వాత వెతికించింది. వాళ్లలో ముగ్గురికి సీట్లిచ్చారు.