కె.సి. కాలువలో పారిన అప్పులు

కడప సీమ ఈస్టిండియా కుంఫిణీ చేతికి వెళ్లింది సైన్యం ఖర్చు కింద. మైసూరు యుద్ధాల్లో తన వాటాకు వచ్చిన నేలను 1800లో నిజాం, తన దగ్గరున్న కుంఫిణీ పటాలాల ఖర్చుకు బదులుగా రాసిచ్చాడు. అవే దత్తమండలాలు. కర్నూలులో మాత్రం నవాబు పాలన 1839 దాకా సాగింది. యుద్ధాలతో చితికిన పల్లెలకు కలెక్టరు మన్రో సాగు కోసం తకావీ అప్పులిచ్చాడు. కానీ శిస్తు బరువు ఆ మేలును మింగేసింది. ఆ శిస్తును నాలుగో వంతు తగ్గించమని 1807లో ఆయనే రాసినా పైవాళ్లు అప్పట్లో ఒప్పుకోలేదు.

తర్వాత లండన్ పెట్టుబడి వచ్చింది. తుంగభద్రపై సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి, కడప దాకా కర్నూలు–కడప (కె.సి.) కాలువ తవ్వడానికి మద్రాసు ఇరిగేషన్ కంపెనీ పూనుకుంది. పది లక్షల పౌండ్ల మీద ఏటా అయిదు శాతం రాబడికి ప్రభుత్వమే హామీ పడింది. అంటే నష్టం వస్తే కట్టేది ఈ దేశపు పన్నులే. కాలువలో పడవలు కూడా నడపాలనుకున్నారు. నల్లరేగడిలో జొన్న, పత్తి వేసుకునే రైతుకు మామూలు ఏడాది కాలువ నీరు అక్కర్లేదు. ఉత్త పుణ్యానికి నీటితీరువా ఎందుకు కడతాడు? 1876–78 కరువు వచ్చాకే ఆ నీటి విలువ తెలిసింది. కంపెనీ మాత్రం నిలదొక్కుకోలేదు. 1882లో ప్రభుత్వమే కాలువను కొనేసింది.

ఇదే కాలువకు వందేళ్లు దాటాక ఇంకో దేశం అప్పిచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో నేలమట్టమైన జపాన్, 1953 నుంచి ప్రపంచ బ్యాంకు దగ్గర అప్పులు తెచ్చుకుని లేచింది. ఐచి సాగునీటి కాలువ, టోక్యో–ఒసాకా బుల్లెట్ రైలు ఆ డబ్బుతో కట్టినవే. ఆ బాకీ 1990 దాకా తీరుస్తూనే ఉంది. అయినా 1958లోనే తన మొదటి యెన్ రుణాన్ని భారతదేశానికి ఇచ్చింది. 1996లో కె.సి. కాలువ ఆధునికీకరణకు దాదాపు 1,600 కోట్ల యెన్‌లు అప్పుగా ఇచ్చింది. కాలువ గట్లు, తూములు బాగయ్యాయి, సుంకేసుల దగ్గర కొత్త బ్యారేజీ లేచింది.

లండన్ పెట్టుబడి వాటాదారుడి లాభం చూసుకుంది, జపాన్ అప్పు పాత కాలువ పారడం చూసింది. ఈ తేడాను నేను చిన్నదిగా చూడలేను. అయితే ఎవరి అప్పయినా తీర్చేది మనమే. కాబట్టి కాలువ చివరనున్న కడప పొలాలకు నీళ్లు చేరేలా పూడిక తీయడానికి, తూములు బాగుచేయడానికి ప్రభుత్వం ఏటా బడ్జెట్లో విడిగా డబ్బు కేటాయించాలి.